అల్లుడుగారి చెయ్యి

ప్రియమైన తమ్ముడికి,

చెయ్యి పట్టుకుని నడిపించే నీ యంత్రం వచ్చింది. పెట్టె విప్పడానికి ముగ్గురు వచ్చారు, పొగడడానికి ఒకడు వచ్చాడు. పొగిడే ఆయన మీ కంపెనీ మనిషే, కోటు వేసుకున్నాడు. మా వార్డులో నడక నేర్చుకుంటున్న వాళ్ళందరినీ గోడవారగా కూర్చోబెట్టి, ఇది యంత్రం కాదు, మీ ఆప్తమిత్రుడు అని చెప్పాడు. మోకాలు మార్పించుకున్న ముసలాయన ఒకాయన, "ఆప్తమిత్రుడైతే ఇంతకాలం ఎక్కడికి పోయాడు?" అని అడిగాడు. కోటాయన నవ్వాడు. ఆయన నవ్వాక యంత్రం కూడా నవ్వింది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని విసుక్కుంటావు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను, నువ్వే పెట్టేస్తావు. కాగితం మీదైతే నాకు అడ్డం రాలేవు. జవాబు కూడా కాగితం మీదే రాయి. రాసేటప్పుడు మనిషి కాస్త ఆలోచిస్తాడని నా ఆశ.

వచ్చిన రోజు నుంచి దానికి మర్యాదలే. కిటికీ పక్కన మంచి చోటు. రెండు పూటలా కరెంటు భోజనం. ఒళ్ళు తుడవడానికి విడిగా మెత్తటి గుడ్డ. దానికి పని చెప్పాలంటే అందరికీ మొహమాటం, అది నిలబడి ఉంటే చుట్టూ తిరిగి వెళ్ళడం. మర్నాటికే మా ఆయమ్మ దానికి అల్లుడుగారని పేరు పెట్టేసింది. మీ కంపెనీ పెట్టిన పేరు గోడకి అంటించిన కాగితంలో భద్రంగా ఉంది. ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవరు.

ఒక సంగతి అడగాలి. ఎవరి దగ్గరికైనా మొదటిసారి వెళ్ళినప్పుడు అది మంచినీళ్ళ గ్లాసు కుడిచేతికి ఇవ్వాల్సింది ఎడమచేతికి ఇస్తుంది. వెంటనే తల వంచుకుని, "క్షమించండి, పొరపాటు నాదే" అంటుంది. పాపం అని అందరూ కరిగిపోతారు. మర్నాడు ఇంకొకరి దగ్గర అదే గ్లాసు, అదే పొరపాటు, అదే తల వంచడం. తప్పు చేసి క్షమాపణ చెప్పేవాళ్ళని చూశాను. తప్పు చేసి చెప్పని వాళ్ళని ఇంకా ఎక్కువ చూశాను. క్షమాపణ చెప్పడం కోసం తప్పు చేసేవాణ్ణి మాత్రం ఇదే చూడడం. నువ్వే నేర్పావా?

నెలాఖరుకి నా అభిప్రాయం రాసివ్వమన్నారు సూపరింటెండెంటుగారు. నేను సరేనంటే అన్ని వార్డులకీ ఇలాంటివి తెప్పిస్తారట. వద్దంటే ఇదీ పెట్టెలోకే. "మీ తమ్ముడు చేసిందే కదా" అన్నారు. అవును, అందుకే కాస్త ఎక్కువ జాగ్రత్తగా చూస్తానన్నాను.

దానికి టైలరమ్మని అప్పగించాను. తుంటి విరిగి ఆపరేషన్ అయినావిడ. ఎముక అతికింది, ధైర్యం అతకలేదు. కింద కుట్టు షాపు, పైన ఇల్లు. మెట్లు ఎక్కి దిగలేకపోతే షాపు ఎవరికైనా ఇచ్చేస్తానని కొడుకు చెప్పాడు. ఆవిడ చేతుల మీద పెరిగిన షాపు అది. ఈ నెలలో ఆవిడ ఒంటరిగా నడవాలి. ఆవిడ కోసమూ ప్రార్థన చేస్తున్నాను, నీ కోసమూ చేస్తున్నాను. అల్లుడుగారి కోసం ఇంకా మొదలుపెట్టలేదు.

నీ మేలు కోరే
అక్క


ప్రియమైన పెద్దక్కకి,

ఉత్తరం అందింది. జవాబు పోస్టు చెయ్యడానికి పోస్టు డబ్బా ఎక్కడుందని అడిగితే మా ఆఫీసులో కుర్రవాళ్ళు నన్ను మ్యూజియంలో బొమ్మని చూసినట్టు చూశారు. అయినా నీ మాట కాదనలేను. చిన్నప్పటి అలవాటు.

అవును, ఆ గ్లాసు పొరపాటు నేనే నేర్పాను. ఎందుకో విను. ఏ తప్పూ చెయ్యని దాన్ని మనుషులు నమ్మరు. పక్కవాడు తమకంటే కాస్త తక్కువవాడని తేలితే గానీ వాళ్ళకి ఊపిరాడదు. అది మనుషుల జబ్బు, నేను జబ్బుకి తగ్గ మందు వేశాను. ఇనుపముక్కకి రెండు కళ్ళు పెట్టి రెప్పలాడిస్తే చాలక్కా, చదువుకున్నవాడూ చదువు లేనివాడూ ఒకేలా కరిగిపోతారు. అడిగిన వెంటనే జవాబు చెబితే పొగరంటారు. కాస్త ఆగి చెబితే ఆలోచించి చెప్పాడంటారు. ఆ ఆగడంలో అది ఏమీ ఆలోచించదు. మీ సూపరింటెండెంటుగారు కూడా ఏమీ ఆలోచించరని నా అనుమానం, అయినా ఆయన్ని నువ్వు గౌరవిస్తున్నావు కదా.

అరచేతి వెచ్చదనం కోసం చాలాకాలం తంటాలు పడ్డాం. కాస్త తగ్గితే శవాన్ని ముట్టుకున్నట్టుందన్నారు. కాస్త పెరిగితే జ్వరమొచ్చిందా అని అడిగారు, యంత్రాన్ని. ఇలాంటి జనం కోసం నేను రాత్రనకా పగలనకా పనిచేస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నమ్మకాన్ని ఎలా కొలుస్తారని మమ్మల్ని అందరూ అడిగేవారు. నమ్ముతున్నారా అని అడిగితే మొహమాటానికి అవునంటారు. చేతికి మొహమాటం ఉండదు. మనిషి ఎంత నమ్మితే అవతలి చేతి మీద అంత బరువు వేస్తాడు. అందుకని దాని అరచేతిలోనే బరువు చూసే పరికరం పెట్టాం. మీ టైలరమ్మ వేసే బరువు రోజురోజుకీ పెరుగుతోంది. యంత్రాన్ని పెట్టిన అన్ని ఆసుపత్రుల్లోనూ ఆవిడే ముందుంది. మా ఆఫీసు గోడ మీద ఆవిడ గీత ఎక్కుతూ ఉంటే, పనీపాటా లేనివాళ్ళు కూడా వచ్చి చూసిపోతున్నారు.

ఇంకొకటి. పట్టుకున్న వేళ్ళు సడలినట్టు అనిపిస్తే అది ఇంకాస్త గట్టిగా పట్టుకుని "నేనున్నాను" అంటుంది. మెడ వెనక మీట నొక్కితే తప్ప వదలదు. మిగతాదంతా పదిమంది కలిసి చేశాం. ఆ ఒక్కటి మాత్రం నేనే చేశాను, ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు.

అభిప్రాయం మంచిగానే రాస్తావని తెలుసు. కళ్ళెదుట కనిపిస్తోంది కదా. మీ ఆయమ్మకి నా నమస్కారాలు చెప్పు. అల్లుడన్నాక మర్యాద ఉండాలి మరి.

నీ మాటకి ఎదురు చెప్పని
తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

టైలరమ్మ బరువు వేస్తున్న మాట నిజమే. గోడకి చేరేసిన బస్తా కూడా వేస్తుంది.

మా పనిలో లెక్క నీ గీతకి తలకిందులు. మొదటి రోజు మనిషి మొత్తం నా చేతి మీద వాలుతుంది. రోజులు గడిచేకొద్దీ తేలికవుతుంది. ఇంటికి వెళ్ళే నాటికి నా అరచేతిలో ఆ మనిషి వేళ్ళ కొసలు మాత్రం ఉంటాయి. తర్వాత అవీ ఉండవు. నీ గోడ మీద గీత ఎక్కుతుంటే మీరంతా సంబరపడుతున్నారు. అది ఎక్కిన కొద్దీ ఇక్కడ ఆవిడ కాళ్ళు పని మానేస్తున్నాయి. అల్లుడుగారితో హాలంతా రాణిలా తిరుగుతుంది. ఆయన పక్కన లేకపోతే మంచం దిగదు.

నిన్న చూసింది రాస్తాను. రెండో చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడుస్తూ ఉంటే ఆవిడ కళ్ళజోడు జారింది. పైకి తోసుకుందామని వేళ్ళు సడలించింది. అది గట్టిగా పట్టుకుని "నేనున్నాను" అంది. ఆవిడ నవ్వి ఊరుకుంది. కాస్త ముందుకెళ్ళాక మళ్ళీ జారింది. మళ్ళీ నేనున్నాను. మూడోసారి ఆవిడ మెడ వంచి, భుజంతో కళ్ళజోడు తోసుకుంది. చెయ్యి ఖాళీ లేని పసిపిల్లలు ముక్కు తుడుచుకున్నట్టు. అల్లుడుగారికి అత్తగారంటే ఎంత ప్రేమో చూశారా అని ఆయమ్మ వెక్కిరించింది. "మా ఆయన పెళ్ళిలో కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదమ్మా" అంది టైలరమ్మ. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మనుషుల జబ్బు గురించి రాశావు. మనుషులంటే అంత చులకనైతే వాళ్ళ నమ్మకం నీకెందుకు? పారేసే వస్తువు కోసం ఎవరైనా అంత తంటాలు పడతారా?

నేను కూడా దాని చెయ్యి పట్టుకుని చూశాను. భోజనాల వేళ, హాలు ఖాళీగా ఉన్నప్పుడు. చెయ్యి వెచ్చగానే ఉంది. అదే నాకు నచ్చలేదు. ఆ వెచ్చదనం ఎందుకు పెట్టారో తెలిసి కూడా నేను కాసేపు చెయ్యి తియ్యలేదు. తీద్దామనుకునేసరికి అది తియ్యనివ్వలేదు. నేనున్నాను, నేనున్నాను అంటూ నిలబడింది. మెడ వెనక మీట నాకు అందలేదు. ఆయమ్మ వచ్చి మీట నొక్కేదాకా ఇద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాం. ఆయమ్మ ఈ సంగతి ఎవరికీ చెప్పనంది. సాయంత్రానికి వార్డంతా తెలిసింది.

దానికి వదలడం నేర్పు. అప్పుడు మంచిమాట రాస్తాను. లేకపోతే నీ కోసం అబద్ధం రాయలేను. ఇది ముందే చెప్పడం నా బాధ్యత.

వేళకి తిను. నీ మేలు కోరే
అక్క


ప్రియమైన పెద్దక్కకి,

బస్తా అన్నావు. బాగుంది. నీ నోట మాట తక్కువ, కానీ పడ్డచోట గుంట పడుతుంది.

వదలడం నేర్పమంటున్నావు. ఆ విద్యలో నిన్ను మించినవాళ్ళు లేరని నాకంటే ఎవరికి తెలుసు? నువ్వు మరిచిపోయి ఉంటావు కాబట్టి గుర్తు చేస్తాను.

నాకు ఆరేళ్ళు. అటక మీంచి పడి తొడ ఎముక విరిగింది. కట్టు విప్పాక కాలు నేల మీద పెట్టనని మొండికేశాను. నువ్వప్పుడు బడిలో చదువుకుంటున్నావు. రోజూ వచ్చి మనింటి హాల్లో ఈ గోడ నుంచి ఆ కిటికీ దాకా చెయ్యి పట్టుకుని నడిపించేదానివి. అడుగు వేసినప్పుడల్లా "పట్టుకునే ఉన్నాను" అనేదానివి. నేను నమ్మాను. నమ్మడం తప్ప నాకేం తెలుసు? ఒకరోజు కిటికీ దాకా వచ్చి వెనక్కి తిరిగి చూశాను. నువ్వు ఎక్కడో హాలు మధ్యలో ఉన్నావు. నీ చేతులు ఖాళీగా ఉన్నాయి. పైగా నవ్వుతున్నావు.

అక్కడే పడ్డాను. గడ్డం మీద మచ్చ ఆనాటిదే. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు కత్తి దాని చుట్టూ తిరిగి వెళ్ళాలి. చుట్టాలంతా నిన్ను మెచ్చుకున్నారు. పెద్దపిల్ల ఎంత తెలివిగా నడిపించిందో చూశారా అన్నారు. ఆ మెప్పు రుచి మరిగే ఈ రోగుల్ని నడిపించే చదువు చదివావని నేను అనుకుంటూ ఉంటాను. నాకు మాత్రం ఎవరు చెయ్యి పట్టుకున్నా వెనక్కి తిరిగి చూసే అలవాటు మిగిలింది. నా భార్య కూడా అడుగుతూ ఉంటుంది, ఏం చూస్తున్నావని.

నా యంత్రం గ్లాసు దగ్గర అబద్ధం ఆడుతుంది. ఒప్పుకుంటాను. తల వంచడం అబద్ధం, రెప్పలు అబద్ధం, ఆ ఆగడం అబద్ధం. కానీ నేనున్నాను అన్నప్పుడు ఉంటుంది. పట్టుకున్నానన్నప్పుడు పట్టుకునే ఉంటుంది. మనుషులు ఎక్కడ నిజంగా ఉండాలో అక్కడ అబద్ధమాడతారు. నేను దాన్ని తిరగేసి చేశాను. అదే నా పనితనం.

నీ చేతుల్లో ఎంతమంది నడిచారో నీకు లెక్క ఉండొచ్చు. ఎంతమంది వెనక్కి తిరిగి చూశారో ఆ లెక్క ఉందా? ప్రార్థనలో అదీ అడుగు. నీకేం రాయాలనిపిస్తే అది రాసిచ్చుకో.

తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరానికి జవాబు ఉంది. ఇప్పుడు రాయను. ముందు ప్రార్థన చెయ్యాలి. కోపంతో రాస్తే నిజం కూడా తిట్టులా వినిపిస్తుంది.

ఇక్కడ జరిగింది మాత్రం చెబుతాను, లేకపోతే నీకు నీ గోడ మీద గీత తప్ప ఏదీ తెలియదు.

మేడ మీదికి ఎవరో పెద్దమనుషులు వచ్చారని, అల్లుడుగారిని చూపించాలని కోటాయన హడావుడిగా దిగాడు. అప్పుడు అది టైలరమ్మని నడిపిస్తోంది. ఆయన ఆవిడ మొహం కూడా చూడకుండా మెడ వెనక మీట నొక్కి, దాన్ని తీసుకుని లిఫ్టు ఎక్కేశాడు. ఆప్తమిత్రుడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆవిడ హాలు మధ్యలో నిలబడిపోయింది. నిలబడగలదు. కాళ్ళలో బలం ఉంది, ఎముక గట్టిగా ఉంది, అదంతా నేను పరీక్ష చేసి చూసిందే. అయినా మడత విప్పిన బట్ట జారినట్టు మెల్లగా నేల మీదికి జారి కూర్చుంది.

నేను వెళ్ళి చెయ్యి చాపాను.

"వద్దక్కగారూ" అంది. "మీరు వదిలేస్తారు. అల్లుడు వదలడు."

వార్డంతా విన్నది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఈ పనిలో నా తల నెరిసింది. ఒక్కరు కూడా నా చెయ్యి వద్దనలేదు. ఆయమ్మ కుర్చీ తెచ్చింది, ఇద్దరం ఆవిడని ఎత్తి కూర్చోబెట్టాం. తర్వాత అల్లుడుగారు దిగివచ్చి గ్లాసు తప్పుడు చేతికి ఇచ్చి క్షమాపణ చెప్పుకున్నారు. అసలు తప్పుకి ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం కొడుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు. అలిసిపోయినవాడు. కాసేపు చూసి, షాపు అద్దెకి అడిగినవాళ్ళకి ఖాయం చేసేస్తానన్నాడు. "అల్లుణ్ణి నాతో ఇంటికి పంపిస్తారా?" అని టైలరమ్మ నన్ను అడిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను కొడుకుని బయటికి పిలిచి, ఈ వారం ఆగమన్నాను. ఆగుతానన్నాడు.

అభిప్రాయం ఇచ్చే రోజు దగ్గర పడింది.

అక్క


ప్రియమైన పెద్దక్కకి,

క్లుప్తంగా రాయడం నీ దగ్గరే నేర్చుకుంటున్నాను.

మా కోటాయన చేసిన పని దరిద్రంగా ఉంది. ఇక్కడ కూడా అంతే, మేడ మీదికి పెద్దమనుషులు వస్తే కింద మనుషులు కనబడరు. అది వాడి తప్పు, నా యంత్రం తప్పు కాదు. మీట నొక్కితే అదేం చేస్తుంది?

కానీ టైలరమ్మ అన్న మాట చదివి నాకు నవ్వొచ్చింది. దాచను. ఇన్నేళ్ళకి ఇంకొకరు కూడా నీతో ఆ మాట అన్నారు.

నువ్వు జవాబు దాటవేస్తున్నావని చిన్నక్కకి ఫోన్ చేసి చెప్పాను. నా యంత్రం సంగతి, ఆ రోజు సంగతి అన్నీ చెప్పాను. చిన్నక్క పగలబడి నవ్వింది. ఎందుకని అడిగితే, "నా చెవిని అడుగు, అదే చెబుతుంది" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మీరిద్దరూ ఎప్పుడూ ఒక జట్టే.

మిగతా ఆసుపత్రుల వాళ్ళు సరేనన్నారు. నీ మాట ఒక్కటే మిగిలింది, మీ వార్డు పెద్దది కాబట్టి అదే అన్నిటికంటే బరువు. నువ్వు వద్దంటే నా ఇన్నేళ్ళ పని పెట్టెలో పెట్టి మూత వేస్తారు. నన్ను అంగళ్ళ ముందు నిలబడి చేతులూపే బొమ్మల పనిలో పడేస్తారు. బతిమాలడం లేదు. తెలిసి రాయమంటున్నాను, అంతే.

తమ్ముడు


ప్రియమైన చిన్నోడికి,

ముందు వార్డు సంగతి, తర్వాత ఇంటి సంగతి.

టైలరమ్మ కొడుకుని షాపులోంచి ఆవిడ కత్తెర పట్టుకురమ్మన్నాను. పెద్దది, నల్లటి పిడి, ఆవిడ వేళ్ళకే అరిగింది. బట్టలు కుట్టేవాళ్ళు ఆ కత్తెరతో బట్ట తప్ప ఇంకేదీ కొయ్యరు. కాగితానికి పెడితే పదును చచ్చిపోతుంది. ఇంట్లో ఎవరైనా ముట్టుకుంటే ఊరుకోరు. ఆయమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఆ కత్తెర, ఒక అట్టపెట్టె చేతికిచ్చాను. టైలరమ్మ నడక మొదలుపెట్టాక అట్టపెట్టె కొయ్యమన్నాను. ఏం అడిగినా తల ఎత్తొద్దన్నాను. నాకు తిట్లు పడితే మీదే పూచీ అంది. సరేనన్నాను.

టైలరమ్మ అల్లుడుగారి చెయ్యి పట్టుకుని హాలు మధ్యకి వచ్చింది. కరకరమని చప్పుడు. ఏమిటా చప్పుడు అని తల తిప్పింది. చూసింది.

"ఏయ్, అది నా కత్తెర."

ఆయమ్మ కోస్తూనే ఉంది. టైలరమ్మ చెయ్యి లాక్కుంది. "నేనున్నాను" అంది అల్లుడు.

"ఉండు, నాకేం. వదులు."

"నేనున్నాను."

రెండో చేత్తో దాని చెంప మీద ఒకటి వేసింది. అది తల వంచుకుని, క్షమించండి, పొరపాటు నాదే అంది. ఆ మాట అంటూనే వేళ్ళు ఇంకాస్త బిగించింది. ఒళ్ళు మండిపోయింది నాకు. క్షమాపణ చెబుతూ పట్టు బిగించే మనుషుల్ని చూశాను. వాళ్ళని కూడా ఎవరో ఇలాగే కష్టపడి తయారుచేసి ఉంటారు.

వెళ్ళి మీట నొక్కాను. వేళ్ళు తెరుచుకున్నాయి. ఆవిడ వెళ్ళిపోయింది. కుంటుతూ, తిడుతూ, హాలు దాటి కిటికీ దాకా వెళ్ళిపోయింది. నేను రెండు చేతులూ ఆవిడ నడుము పక్కన చాపి, తగలకుండా వెనకే నడిచాను. కత్తెర లాక్కుని, అంచు బొటనవేలితో చూసి, ఆయమ్మ ఏడు తరాల్నీ తలుచుకుంది. ఆ తర్వాత తను ఎక్కడుందో చూసుకుంది. వెనక్కి తిరిగింది. నేను అక్కడే ఉన్నాను. పట్టుకోనా అని అడిగాను.

"మీరెందుకు మధ్యలో, అడ్డం" అంది.

నా ప్రార్థనకి జవాబు ఇంత మర్యాదగా ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు మెట్లు ఎక్కడం నేర్చుకుంటోంది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుంటుంది, నన్ను పట్టుకోదు. కొడుకు షాపు మాట ఎత్తడం మానేశాడు. కత్తెర దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. ఆయమ్మతో మాటల్లేవు.

ఈ ఉపాయం నేను కనిపెట్టింది కాదు. నీ దగ్గర చూసిందే.

ఇంటి సంగతి ఇది. ఆ రోజు నేను నీ చెయ్యి వదల్లేదు. పట్టుకునే ఉన్నానని అన్నప్పుడు పట్టుకునే ఉన్నాను. కిటికీ దగ్గర చిన్నక్క కూర్చుని నీ బొంగరానికి తాడు చుడుతోంది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడివి కాదు దాన్ని. హాలు మధ్యలో ఉండగా చూశావు. "నా బొంగరం" అని అరిచి, నా చేతిలోంచి నీ చెయ్యి లాక్కున్నావు. ఎంత గట్టిగా లాక్కున్నావంటే నీ గోళ్ళు నా అరచెయ్యి గీరేశాయి. మిగిలిన హాలు దాటి వెళ్ళి చిన్నక్క చెవి మీద ఒక్కటిచ్చి, బొంగరం తీసుకున్నావు. దానికి ఆ చెవి సాయంత్రం దాకా గుయ్యిమంటూనే ఉందట. నిన్న ఫోన్లో ఆ చెవి సంగతే చెబుతూ మళ్ళీ నవ్వింది. బొంగరం చేతికొచ్చాక నీకు నడక రాదని గుర్తొచ్చింది. వెనక్కి తిరిగావు. నా చేతులు ఖాళీగా ఉన్న మాట నిజమే, నువ్వే ఖాళీ చేశావు. నేను నవ్విన మాట కూడా నిజమే. కట్టు విప్పాక కాలు కింద పెట్టనివాడు పరిగెత్తి వెళ్ళి అక్కని కొడితే ఎవరికి నవ్వు రాదు? నీ దగ్గరికి చేరేలోగా నువ్వు పడ్డావు.

అక్క వదిలేసిందని ఏడ్చావు. చెబుదామని నోరు తెరిచాను. నువ్వు వినే స్థితిలో లేవు. మర్నాడు నేను చెయ్యి చాపితే కొట్టి, గోడ పట్టుకుని నువ్వే నడిచావు. నా వంక చూడకుండా, నాతో మాట్లాడకుండా, పంతానికి హాలంతా తిరిగావు. వారం తిరిగేసరికి గోడ కూడా అక్కర్లేకపోయింది. కోపం వాణ్ణి నడిపిస్తోంది, దాన్ని ఎందుకు లాక్కోవాలి అనుకున్నాను. ఊతకర్ర ఏదైతేనేం, మనిషి నడిస్తే చాలు. తర్వాత నువ్వు పెద్దవాడివయ్యావు, చెప్పే పని పడలేదు. ఆ ఊతకర్ర మీద ఒక యంత్రాన్ని నిలబెడతావని నాకేం తెలుసు?

టైలరమ్మ నా చెయ్యి వద్దన్న రోజు నీ ఉత్తరం గుర్తొచ్చింది. వదిలేసేదాన్నని ఇద్దరన్నారు. ఇద్దర్నీ నేను వదల్లేదు. ఇద్దరూ నన్ను వదిలించుకునే నడిచారు. మా పనిలో దానికి మించిన మెప్పు లేదు, చుట్టాలు ఇచ్చిన మెప్పు దాని ముందు ఏ మూలకి?

అభిప్రాయం రాసిచ్చాను. వద్దన్నాను. నీకు బాధ అని తెలుసు, తెలిసే రాశాను. కింద ఇంకో మాట కూడా రాశాను. మనిషి లాక్కున్నప్పుడు తెరుచుకునే వేళ్ళు దానికి పెట్టి, చెయ్యి చాపుకుని వెనకాల నడవడం నేర్పితే, ఆ యంత్రాన్ని మా వార్డుకే ముందు పంపాలని. ముందుగా దాని చెయ్యి నేనే పట్టుకుంటానని. సూపరింటెండెంటుగారు చదివి, దాన్ని చేసినవాడే మార్చాలి కదా, ఇంకొకరికి అప్పగించొద్దని మీ కంపెనీకి రాస్తానన్నారు. ఆయన కూడా అప్పుడప్పుడు ఆలోచిస్తారు, నీ అనుమానం తీసెయ్యి. కోటాయనకి మాత్రం నచ్చలేదు. వదిలేసే చేతిని ఎవరు నమ్ముతారండీ అని వాదించబోయాడు. పక్కన టైలరమ్మ కత్తెరతో నిలబడి ఉంది. ఆయన ఎక్కువసేపు నిలబడలేదు.

గ్లాసు పొరపాటు మాత్రం తీసెయ్యి. నీ చేతిలో తయారైనదానికి అంత దొంగవినయం అక్కర్లేదు.

ఈ ఉత్తరం చదివాక నీ కోపం పోవచ్చు. పోతే కాస్త జాగ్రత్తగా ఉండు. ఇన్నేళ్ళూ దాని మీదే బరువు వేసి నడిచావు. కొన్నాళ్ళు గోడ పక్కనే నడువు.

నీ వెనకే ఉన్న
అక్క